అన్నయ్యకు స్కిజోఫ్రీనియా ఉంది, నేను కూడా స్కాన్ తీయించుకోవాలా?

వెన్నెల_వాకిలి | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా అన్నయ్యకు ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మొదలైంది. హాస్టల్లో గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని రాత్రంతా మేలుకుని ఉండేవాడు. మొదట పరీక్షల టెన్షన్ అనుకున్నాం. తర్వాత గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, దర్గాకు తీసుకెళ్ళాం. రెండేళ్ళు అలాగే పోయాయి. ఇప్పుడు వాడికి 33. మాత్రలు వేసుకుంటున్నాడు, నాన్న పిండిమర లెక్కలు చూస్తాడు, సాయంత్రం కాసేపు బ్యాడ్మింటన్ ఆడతాడు. ఫరవాలేదు.

నాకు 27. హైదరాబాదులో ఉద్యోగం. పోయిన వారం నెట్‌లో ఏదో వెతుకుతుంటే, ఈ జబ్బున్న వాళ్ళ తోబుట్టువుల మెదడు పనితీరులో కూడా తేడాలు కనిపిస్తాయని చదివాను. జబ్బు లేకపోయినా సరేనట. అప్పట్నుంచి నిద్ర లేదు. మీటింగ్‌లో ఒక మాట గుర్తు రాకపోతే "మొదలైందా?" అనిపిస్తోంది. వెనక నుంచి ఎవరైనా పిలిచినట్టనిపిస్తే గుండె దడ. ఇంతలో ఒక స్కాన్ సెంటర్ వాళ్ళు బ్రెయిన్ మ్యాపింగ్ చేయించుకుంటే ముందే తెలిసిపోతుందన్నారు. పన్నెండు వేలు.

ఇంకో గొడవ, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అన్నయ్య సంగతి చెప్పొద్దంటుంది అమ్మ. నాకేమో నా పిల్లలకు వస్తుందేమోనని ఇంకో భయం.

---

పాత_బస్టాండు | ఆదివారం, రాత్రి 11:58

అమ్మాయ్, ముందు ఆ పన్నెండు వేలు బ్యాంకులోనే ఉండనీ. వెనక నుంచి పిలిచినట్టనిపించడం నాకు యాభై ఏళ్ళుగా ఉంది, నిజంగానే మా ఆవిడ పిలుస్తుంటుంది. మిగతా విషయాలు తెలిసినవాళ్ళు చెప్తారు, పడుకో.

---

రాత్రి_డ్యూటీ | సోమవారం, తెల్లవారుజామున 3:10

సైకియాట్రీ పీజీ చేస్తున్నానండి, రెండో ఏడాది. మిమ్మల్ని చూడకుండా మీ గురించి ఏమీ చెప్పలేను, అంకెలు మాత్రం చెప్పగలను.

మామూలు జనంలో జీవితం మొత్తంలో ఈ జబ్బు వచ్చేది దాదాపు 100 మందిలో ఒకరికి. యూరప్ కుటుంబాల మీద దశాబ్దాల పాటు జరిగిన అధ్యయనాలన్నిటినీ ఇర్వింగ్ గాట్స్‌మన్ అనే ఆయన కలిపి ఒక పట్టిక వేశాడు. ఇప్పటికీ మాకు క్లాసులో చెప్పేది అదే. అన్నకో అక్కకో ఉంటే సుమారు 9 శాతం, తల్లికో తండ్రికో ఉంటే 13, బాబాయ్ పెద్దమ్మల పిల్లలకు ఉంటే 2, ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి 48.

అంటే మీలాంటి వాళ్ళు 100 మంది ఉంటే 91 మందికి రాదు. పైగా ఆ తొమ్మిది జీవితం మొత్తానికి లెక్క. మగవాళ్ళలో ఎక్కువగా ఇరవై ఏళ్ళ అటూ ఇటూ మొదలవుతుంది. ఆడవాళ్ళలో కొన్నేళ్ళు ఆలస్యంగా, కొందరిలో నలభై అయిదు దాటాక కూడా. మీరు 27కి వచ్చేశారు కాబట్టి కొంత దూరం దాటేసినట్టే, మొత్తం దాటినట్టు కాదు.

మాట గుర్తు రాకపోవడం, నిద్ర లేకపోవడం ఇప్పుడు మీకున్న భయానికి సరిపోయే లక్షణాలే. నిద్ర మరీ పోతే ఎవరైనా డాక్టరుకు చూపించుకోండి. అన్నయ్య కోసం కాదు, మీ కోసం.

---

సందేహాలరావు | సోమవారం, ఉదయం 8:25

డాక్టరు గారూ, నేను వేరేచోట తల్లికో తండ్రికో ఉంటే 7 శాతం అని చదివాను. మీరు 13 అంటున్నారు. అటూ ఇటూగా రెండింతలు! ఏది నమ్మాలి?

---

రాత్రి_డ్యూటీ | సోమవారం, మధ్యాహ్నం 2:40

రెండూ తప్పు కాదండి, లెక్కపెట్టిన తీరు వేరు. మీరు చూసింది 2010లో వచ్చిన డెన్మార్క్ లెక్క అయ్యుంటుంది. అక్కడ పుట్టిన ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆసుపత్రి రికార్డులన్నీ దానికే ముడిపడి ఉంటాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్న పిల్లల్లో 7.0 శాతం, ఇద్దరికీ ఉంటే 27.3, ఎవరికీ లేకపోతే 0.86. ఇది ఆసుపత్రి దాకా వచ్చిన వాళ్ళను, 52 ఏళ్ళ వయసు వరకు మాత్రమే లెక్కేసింది. పాత అధ్యయనాల్లో డాక్టర్లు ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడేవారు, జబ్బు నిర్వచనం కూడా వదులుగా ఉండేది. అందుకే అంకె పెద్దది.

కవలల విషయంలోనూ అంతే. 2018లో అదే డెన్మార్క్‌లో చూస్తే 48 కాదు, 33 వచ్చింది. అదే అధ్యయనంలో వారసత్వం వాటా 79 శాతం అని తేల్చారు. ఈ రెండూ పొసగనట్టుంటాయి గానీ పొసగుతాయి. 79 శాతం అంటే వంద మందిలో 79 మందికి వస్తుందని కాదు. జనంలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఉన్న ముప్పు తేడాలో అంత భాగం జన్యువుల వల్ల అని. ఇదొక్కటీ సరిగ్గా అర్థం కాక ఎన్ని కుటుంబాలు ఏడుస్తాయో మా ఓపీలో రోజూ చూస్తాను.

---

కొలరాడో_చలి | సోమవారం, రాత్రి 9:15

డెన్వర్ దగ్గర ఒక ల్యాబ్‌లో మెదడు సిగ్నల్స్ డేటా చూసే పని నాది. డాక్టర్ని కాదు. వెన్నెల గారూ, మీరు చదివింది అబద్ధం కాదు, కానీ సగమే చదివారు. మిగతా సగం నేను చెప్తాను.

కథ 1973లో కళ్ళతో మొదలైంది. ఫిలిప్ హోల్జ్‌మన్ అనే మనస్తత్వవేత్త రోగులను కూర్చోబెట్టి ఊగుతున్న లోలకాన్ని చూపుతో వెంబడించమన్నాడు. మామూలుగా మన చూపు దాంతోపాటు నున్నగా జారుతుంది. వాళ్ళ చూపు మాత్రం గతుకుల రోడ్డు మీద ఆటోలా ఆగి ఆగి ఎగిరి ముందుకెళ్ళింది. తర్వాత ఏ జబ్బూ లేని దగ్గరి బంధువులను చూస్తే వాళ్ళలో కూడా సుమారు 45 శాతం మందికి అదే గతుకు. అప్పట్నుంచి పరిశోధకుల దృష్టి బంధువుల మీద పడింది. బంధువులు మాత్రలు వేసుకోరు, ఏళ్ళ తరబడి జబ్బుతో నలిగిపోయి ఉండరు. వాళ్ళలో కూడా తేడా కనిపించిందంటే అది మందుల వల్ల వచ్చింది కాదు, జబ్బు మిగిల్చినదీ కాదు. మూలానికి దగ్గరది.

మా ఊరి సైకియాట్రిస్టు రాబర్ట్ ఫ్రీడ్‌మన్ చేసింది చెవులతో. అర సెకను తేడాతో రెండు టిక్ శబ్దాలు వినిపిస్తాడు. మొదటిదానికి మెదడు స్పందిస్తుంది, రెండోదాన్ని "ఇందాక విన్నదేగా" అని తగ్గించేస్తుంది. రోగుల్లో చాలామందికి రెండోది కూడా మొదటిదంత గట్టిగానే తగులుతుంది. దగ్గరి బంధువుల్లోనూ కొందరికి అంతే. 1997లో దీన్ని 15వ క్రోమోజోమ్ మీద నికోటిన్ అంటుకునే ఒక గ్రాహకం జన్యువుతో ముడిపెట్టారు. నికోటిన్ చూయింగ్ గమ్ ఇస్తే బంధువుల్లో ఆ లోపం కాసేపు సర్దుకుందని అంతకు ముందే, 1992లో చూపించారు. ఈ జబ్బున్నవాళ్ళు సిగరెట్లు అంతగా ఎందుకు తాగుతారో దీన్నిబట్టి కొంత ఊహించొచ్చు. (అలాగని ఎవరూ మొదలుపెట్టకండి, పొగ చంపేది వేరే దారిలో.)

ఇక మిమ్మల్ని భయపెట్టిన స్కాన్ సంగతి. 2003లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జోసెఫ్ కాలికాట్ బృందం తోబుట్టువులకు ఒక ఆట ఇచ్చింది. తెర మీద అంకెలు వస్తుంటాయి, ఇప్పటిది కాదు, అంతకు రెండు ముందు వచ్చిన అంకెకు బటన్ నొక్కాలి. నేనూ ఒకసారి ఆడాను, అయిదు నిమిషాలకు తల తిరిగింది. తోబుట్టువులు మిగతావాళ్ళంత బాగానే ఆడారు. మార్కుల్లో తేడా లేదు. కానీ నుదుటి వెనకున్న భాగం, ముఖ్యంగా కుడివైపు, వాళ్ళలో ఎక్కువ పని చేసింది. ఇద్దరు మనుషులు ఒకే బావి నుంచి ఒకే బిందె నీళ్ళు తెచ్చారు, ఒకరికి కాస్త ఎక్కువ ఆయాసం వచ్చింది. స్కాన్ చూసింది ఆ ఆయాసాన్ని. నీళ్ళు ఇంటికి చేరాయి.

2009లో ఎంఐటీ వాళ్ళు ఇంకోటి చూశారు. మనం ఊరికే కూర్చున్నప్పుడు మన గురించి మనమే ఆలోచించుకునే ఒక వలయం మెదడులో నడుస్తుంటుంది. పని ఇస్తే అది అణగాలి. రోగుల్లో సరిగ్గా అణగలేదు, తోబుట్టువుల్లాంటి దగ్గరి బంధువుల్లో కూడా మామూలువాళ్ళంతగా అణగలేదు.

---

సందేహాలరావు | సోమవారం, రాత్రి 9:50

ఈ చివరిది ఎంతమంది మీద చేశారు?

---

కొలరాడో_చలి | సోమవారం, రాత్రి 10:05

ఒక్కో గుంపులో 13 మంది.

---

సందేహాలరావు | సోమవారం, రాత్రి 10:07

పదమూడు! మా వీధి వినాయకుడి కమిటీలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

---

కొలరాడో_చలి | సోమవారం, రాత్రి 10:40

నవ్వొచ్చినా మీ మాట న్యాయమే. అప్పట్లో స్కాన్ అధ్యయనాలు చాలావరకు అంతే చిన్నవి. జన్యువుల్లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. 2001 నుంచి COMT అనే ఒక జన్యువు మీద ఎంత హడావుడి జరిగిందో. వేల మందిని చూసేసరికి ఆ కథ నిలబడలేదు. 2022లో 76 వేల మందికి పైగా రోగుల జన్యువులు చూస్తే 287 చోట్ల ముప్పుతో సంబంధం కనబడింది. ఒక్కోటి పెంచేది పిసరంత. ఆ చిన్న చిన్న ముప్పుల్లో కొన్ని మీలో ఉంటాయి, నాలో ఉంటాయి, ఈ పేజీ చదివే ప్రతివాళ్ళలో ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఈ అధ్యయనాలన్నీ చెప్పేది గుంపు సగటు. రెండు గుంపుల గీతలు ఒకదాని మీద ఒకటి ఎంతగా పరుచుకుంటాయంటే, ఒక మనిషి స్కాన్ నా చేతికిచ్చి ఇది రోగి చెల్లెలిదా, పక్కింటమ్మాయిదా అని అడిగితే నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ఆ పన్నెండు వేల సెంటర్ వాళ్ళు అసలే చెప్పలేరు.

ఎడిన్‌బరోలో ఈవ్ జాన్‌స్టన్ బృందం 1994 నుంచి సరిగ్గా ఈ ప్రశ్న మీదే పదేళ్ళు కూర్చుంది. కుటుంబంలో కనీసం ఇద్దరికి జబ్బున్న 16 నుంచి 25 ఏళ్ళ పిల్లలు, సుమారు 160 మంది. మళ్ళీ మళ్ళీ స్కాన్లు, జ్ఞాపకశక్తి పరీక్షలు. పదేళ్ళలో జబ్బు పడింది ఇరవై మంది చిల్లర. కొద్దిపాటి తేడాలు కనిపించినవాళ్ళు మాత్రం అంతకంటే చాలా ఎక్కువమంది. వాళ్ళలో ఎక్కువ శాతం ఏ జబ్బూ లేకుండానే చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిపోయారు.

---

ఒక_అమ్మ | మంగళవారం, ఉదయం 6:20

మా అబ్బాయికి పదకొండేళ్ళుగా ఉంది ఈ జబ్బు. మొదటి అయిదేళ్ళు మా అత్తగారు "నీ పెంపకం" అన్నారు. తర్వాత ఎవరో టీవీలో ఇది వంశపారంపర్యం అని చెప్పారట, అప్పట్నుంచి "మీ పుట్టింటి రక్తం" అంటున్నారు. నా తప్పు ఎటూ పోలేదు, పేరు మారింది అంతే. మా వాళ్ళలో మూడు తరాల్లో ఎవరికీ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

రాత్రి_డ్యూటీ | మంగళవారం, ఉదయం 7:05

అమ్మా, ఈ పెంపకం మాట అత్తగారిది మాత్రమే కాదు. 1948లో ఒక పేరున్న సైకియాట్రిస్టు "స్కిజోఫ్రీనియా పుట్టించే తల్లి" అనే మాట వాడింది, ఇరవై ముప్ఫై ఏళ్ళు డాక్టర్లే తల్లులను తిట్టారు. దాన్ని కదిలించింది 1966లో లియొనార్డ్ హెస్టన్. ఆరెగాన్‌లో ఈ జబ్బున్న తల్లులకు పుట్టి, పుట్టిన మూడు రోజుల్లోనే వేరేచోటికి వెళ్ళి పెరిగిన 47 మందిని వెతికి పట్టుకున్నాడు. వాళ్ళలో అయిదుగురికి జబ్బు వచ్చింది. అలాగే తల్లికి దూరంగా పెరిగి, తల్లికి జబ్బు లేని 50 మందిలో ఒక్కరికీ రాలేదు. పెంచిన చేతిది కాదు తప్పు అని అప్పుడు ఒప్పుకున్నారు.

రక్తం మాటకూ జవాబుంది. ఈ జబ్బున్న వాళ్ళలో సగానికి పైగా మందికి దగ్గరి చుట్టాల్లో ఎవరికీ ఉండదు. చిన్న చిన్న ముప్పులు అమ్మ వైపు నుంచి కొన్ని, నాన్న వైపు నుంచి కొన్ని వస్తాయి, ఎవరి దగ్గరా జబ్బు చేయించేంత ఉండవు, ఒక బిడ్డలో కలుస్తాయి. కొన్నిసార్లు తల్లిదండ్రులిద్దరిలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా పుడుతుంది. పుట్టుకప్పటి ఇబ్బందులు, కడుపులో ఉండగా తిండి లేకపోవడం కూడా ఉన్నాయి. 1944-45 చలికాలంలో హాలండ్‌లో కరువు పడితే, ఆ రోజుల్లో కడుపులో పడ్డ పిల్లల్లో ఈ జబ్బు సుమారు రెండింతలైంది. దానికి ఏ కోడలిని తిడతారు?

---

తుంగభద్ర | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మా కర్నూలు వైపు మేనరికాలు ఎక్కువ. నాకు మా మేనమామ కూతురితోనే అనుకుంటున్నారు. మా ఇద్దరికీ తాతగారు ఒకరే, ఆయనకు ఈ జబ్బుండేది. చేసుకోవచ్చా?

---

రాత్రి_డ్యూటీ | మంగళవారం, రాత్రి 8:30

తలసీమియాలాంటి వాటిలో లెక్క సూటిగా ఉంటుంది: ఒకే చెడు జన్యువు రెండువైపుల నుంచీ వస్తే జబ్బు. స్కిజోఫ్రీనియా అలా ఒక జన్యువు జబ్బు కాదు కాబట్టి మేనరికం అనగానే ఇంత శాతం అని చెప్పలేం. కానీ మీ విషయంలో జబ్బున్న తాతగారు ఇద్దరికీ ఒక్కరే. అంటే ఆ ముప్పులో కొంత మీరూ తెస్తారు, ఆమే తెస్తుంది. బయటి సంబంధంలో అది ఒకవైపు నుంచే వచ్చేది. మిగతా జన్యు జబ్బుల సంగతి కూడా ఉంది కనుక ఇద్దరూ కలిసి జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. పెళ్ళి ఖాయమయ్యాక కాదు, ముందే.

---

గాజువాక_కుర్రోడు | మంగళవారం, రాత్రి 9:40

మరి లాలాజలం పంపితే జన్యు ముప్పు స్కోరు ఇస్తామని యాడ్లు వస్తున్నాయి కదా, అది చేయించుకుంటే పోలా?

---

కొలరాడో_చలి | మంగళవారం, రాత్రి 11:30

ఆ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాల వాళ్ళ డేటా మీద తయారైనవి. మనవాళ్ళకు అంత బాగా పని చేయవు. యూరప్ వాళ్ళకైనా ఒక మనిషికి వస్తుందో రాదో చెప్పవు. ఒక మినహాయింపు ఉంది. 22వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోతే దాదాపు నాలుగింట ఒక వంతు మందికి సైకోసిస్ (లేనివి వినిపించడం, లేనిపోని అనుమానాలు) వస్తుంది. కానీ వాళ్ళలో తరచుగా పుట్టుకతో గుండె లోపమో, అంగిలి చీలికో, కాల్షియం తగ్గడమో ఉంటాయి. డాక్టర్ అలాంటి అనుమానంతో పరీక్ష రాయడం వేరు, యాడ్ చూసి ఉమ్మి పంపడం వేరు.

మా కొలరాడోలోనే గాల్విన్ అనే కుటుంబం ఉండేది. పన్నెండుమంది పిల్లలు, ఆరుగురు అబ్బాయిలకు ఈ జబ్బు. దశాబ్దాల తర్వాత వాళ్ళ డీఎన్‌ఏలో షాంక్2 అనే జన్యువులో ఒక అరుదైన మార్పు దొరికింది. అంత బలంగా నడిచిన ఇంట్లో కూడా మిగతా ఆరుగురికి రాలేదు చూడండి.

మన దేశంలోనూ ఈ పని నడుస్తోంది. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి, అదే ఊళ్ళో ఉన్న ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బున్న కుటుంబాలను, వాళ్ళలో జబ్బు లేనివాళ్ళను కూడా ఏళ్ళ తరబడి చూస్తున్నారు. మన జనం డేటా పెరిగితేనే మనకు పనికొచ్చే జవాబు వస్తుంది.

---

గాజువాక_కుర్రోడు | బుధవారం, అర్ధరాత్రి 12:10

అడిగింది నా కోసమే. మా అక్కకు ఉంది. నేను సెకండియర్. మా రూములో వారానికి మూడు నాలుగు సార్లు గంజాయి నడుస్తుంది. మా వైపు ఎంత తేలిగ్గా దొరుకుతుందో మీకు తెలియంది కాదు.

---

రాత్రి_డ్యూటీ | బుధవారం, అర్ధరాత్రి 12:25

తమ్ముడూ, ఈ చర్చలో ఎవరికీ ఇంత గట్టిగా చెప్పలేదు. జన్యువులు మన చేతిలో లేవు, ఇది ఉంది. యూరప్‌లో, బ్రెజిల్‌లో కలిపి చేసిన 2019 నాటి అధ్యయనంలో ఘాటైన గంజాయి రోజూ తాగేవాళ్ళకు సైకోసిస్ ముప్పు దాదాపు అయిదు రెట్లు. ఇంట్లో అక్కకు ఉండగా నువ్వు అందులోకి వెళ్ళడం మంచిది కాదు. మానడం కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎవరో వెంటపడుతున్నట్టు, నీ గురించే అనుకుంటున్నట్టు అనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వచ్చేయ్. త్వరగా వస్తే చాలా తేడా ఉంటుంది.

---

పాత_బస్టాండు | బుధవారం, ఉదయం 7:00

ఈ గొడవలో వెన్నెల పెళ్ళి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నా మాట: చెప్పకు. అబద్ధం ఆడమనడం లేదు, అడిగితే చెప్పు. పెళ్ళిచూపుల్లో ఎదురుబొదురు కూర్చోగానే ఎవడైనా తన బీపీ, తండ్రి షుగరు చదివి వినిపిస్తాడా?

---

ఒక_అమ్మ | బుధవారం, ఉదయం 7:35

బస్టాండు గారూ, షుగరు బయటపడితే నవ్వుతారు. ఇది పెళ్ళయ్యాక బయటపడితే "మోసం" అంటారు, ఆ మాట జీవితాంతం ఆ పిల్ల మోయాలి. మా చిన్నమ్మాయికి మేం చెప్పే చేశాం. మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. నాలుగోవాళ్ళు మా అబ్బాయిని పెళ్ళిపందిట్లో తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. అలాగని మూడు పోయినప్పుడు ఏడవలేదని కాదు.

---

సందేహాలరావు | బుధవారం, ఉదయం 10:10

చట్టం సంగతి కూడా ఒక ముక్క. హిందూ వివాహ చట్టం మాట్లాడేది పెళ్ళిచేసుకునే ఇద్దరి మానసిక స్థితి గురించి. అన్నకు జబ్బుందని చెల్లెలి పెళ్ళికి చట్టం అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది చుట్టాలే.

---

వెన్నెల_వాకిలి | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:20

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

అన్నయ్యను చూసే డాక్టరు దగ్గరికే వెళ్ళాను. స్కాన్ రాయలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు తరాలు గీయించారు, మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు. నాన్న వైపు ఒక చదరం దగ్గర ఆగిపోయాను. నాన్నకు ఒక చిన్నాన్న ఉండేవాడని, ఊళ్ళు పట్టుకు తిరిగేవాడని విన్నాను, అంతకుమించి తెలియదు. ఇంటికెళ్ళి నానమ్మను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, పెరటి గదిలో గొళ్ళెం పెట్టి ఉంచేవాళ్ళట. అమ్మకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ సంగతి తెలియదు. "మన వంశంలో లేదు" అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పింది నానమ్మే.

చిన్నతాత దూరపు చుట్టం కాబట్టి ఆయన వల్ల నా లెక్క పెద్దగా మారదన్నారు డాక్టరు. నా పిల్లల సంగతి అడిగితే, మేనమామకు ఉంటే మేనల్లుడికో మేనకోడలికో 4 శాతం దాకా అని పాత పట్టిక చూపించారు, అంటే 96 మందికి రాదు. ఆ ఒక్క అంకె కోసం నెల రోజులు నిద్ర పాడుచేసుకున్నాను. ఇప్పుడు పడుకుంటున్నాను.

సంబంధం వాళ్ళకు ఇంకా చెప్పలేదు. ఇంటి దాకా వస్తే చెప్తానన్నాను, అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ కాగితం బల్ల మీద మర్చిపోతే అన్నయ్య చూశాడు. తన చదరం నల్లగా నింపి ఉంది. నా సున్నా ఖాళీగా ఉంది. చాలాసేపు చూసి, "నీకూ వినిపిస్తాయేమోనని భయపడ్డావా?" అన్నాడు. అవునన్నాను. "నాకు మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు. నీకు ఎప్పుడైనా వినిపిస్తే ముందు నాకు చెప్పు, నేను గుర్తుపడతా" అన్నాడు. పదమూడేళ్ళలో వాడు తన జబ్బు గురించి నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

---

ఒక_అమ్మ | శనివారం, రాత్రి 10:45

వెన్నెలా, అన్నయ్యకు నా ఆశీస్సులు చెప్పు.

---

రాత్రి_డ్యూటీ | ఆదివారం, తెల్లవారుజామున 4:05

చదివాను. అన్నయ్య ఏ మాత్ర వేసుకుంటున్నారో చెప్పలేదు. క్లోజాపిన్ అయితే రక్తపరీక్ష తేదీలు ఒకసారి చూసుకోండి. పండగలప్పుడు చాలామంది తప్పిస్తారు.

---

వెన్నెల_వాకిలి | ఆదివారం, ఉదయం 9:30

అదేనండి. తేదీ పోయిన మంగళవారం. ఇప్పుడే చూశాను. రేపు తీసుకెళ్తున్నా.